ఫ్రెష్ క్రిస్మస్ ట్రీ తెస్తున్నారా? ముందు నీళ్ల సంగతి చూడండి

 

థాంక్స్‌గివింగ్ అయిందంటే చాలు, అమెరికాలో మన తెలుగు ఇళ్లల్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. పిల్లలేమో "ఈసారి నిజం చెట్టు తెద్దాం నాన్నా" అంటారు. నాన్నేమో "గరాజ్‌లో ప్లాస్టిక్‌ది ఉంది కదరా" అంటాడు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మేమో "ఏపుగా ఎదిగిన చెట్టుని కొట్టి తెచ్చి, నెల తిరక్కుండా బయట పారేస్తారా? ఇదేం పండగే తల్లీ" అంటుంది.

నిజం చెప్పాలంటే ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. ఈ ఎపిసోడ్‌లో ఆ ముగ్గురికీ జవాబు చెప్పుకుందాం. చెట్టు ఎక్కడ పెరుగుతుంది, ఎలా చూసి కొనాలి, ఇంటికి తెచ్చాక ఏం చేయాలి, పండగ అయ్యాక ఏం చేయాలి, అన్నీ వరసగా చెప్తాను. కానీ మొత్తం ఎపిసోడ్‌లో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: ఫ్రెష్ చెట్టు అంటే పచ్చగా కనిపించే చెట్టు కాదు, నీళ్లు తాగుతున్న చెట్టు. నీళ్లు తాగుతున్నన్ని రోజులూ అది ఇంటికి అందం. తాగడం మానేసిందంటే హాల్లో పెట్టుకున్న ఎండుకట్టెల మోపు. ఇది ఎందుకంటున్నానో ముందుకెళ్లేకొద్దీ మీకే అర్థమవుతుంది.

ముందు అమ్మమ్మగారి ప్రశ్న తీసుకుందాం. చెట్టుని కొట్టడం తప్పు కాదా?

అడవిలోకి వెళ్లి కొట్టుకొస్తారని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అలాగే ఉండేది. 1851లో మార్క్ కార్ అనే ఆయన న్యూయార్క్ దగ్గర్లోని క్యాట్‌స్కిల్ కొండల్లో చెట్లు కొట్టి, బళ్ల మీద సిటీకి తెచ్చి అమ్మాడు. అమెరికాలో ఈ వ్యాపారానికి అదే మొదలు అని చెప్పుకుంటారు. తర్వాత యాభై ఏళ్లకి, 1901లో, న్యూజెర్సీలో ట్రెంటన్ దగ్గర ఒక రైతు 25,000 నార్వే స్ప్రూస్ మొక్కలు నాటాడు. అమ్మడం కోసమే పెంచిన క్రిస్మస్ చెట్ల తోట అలా మొదలైంది. ఇప్పుడు అమెరికాలో అమ్ముడయ్యే చెట్లు దాదాపు అన్నీ తోటల్లో పెంచినవే. ఏటా రెండున్నర నుంచి మూడు కోట్ల చెట్లు అమ్ముడైతే, అంతకు పది రెట్లకు పైగా చెట్లు ఇంకా తోటల్లో పెరుగుతూ ఉంటాయి.

మన కోస్తాలో సరుగుడు తోటలు చూశారు కదా? నాలుగైదేళ్లు పెంచుతారు, కొడతారు, గుంజలకీ కాగితం మిల్లులకీ పంపిస్తారు, మళ్లీ నాటతారు. సరుగుడు తోట కొడితే అడవి నరికారని మనం అనం. ఇదీ అంతే. ఇది పంట. కాకపోతే చాలా నెమ్మదిగా చేతికొచ్చే పంట.

ఎంత నెమ్మది అంటే, నార్త్ కరోలినా సంగతి చెప్తాను. షార్లెట్, రాలీ, కేరీ, మోరిస్‌విల్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ఉదాహరణ మీకు దగ్గరగా ఉంటుంది. క్రిస్మస్ చెట్లు పండించడంలో ఆరెగాన్ తర్వాత రెండో స్థానం నార్త్ కరోలినాదే. అక్కడ తోటల్లో ఉండేది దాదాపు ఒకటే రకం, ఫ్రేజర్ ఫర్. ఇది అడవిలో సహజంగా పెరిగేది దక్షిణ అప్పలాచియన్ కొండల పైభాగాల్లో మాత్రమే. జాన్ ఫ్రేజర్ అనే స్కాట్లాండ్ వృక్ష శాస్త్రవేత్త పేరు దానికి పెట్టారు.

విత్తనం వేసిన దగ్గర్నుంచి మొక్క కొన్నేళ్లు నర్సరీలోనే ఉంటుంది. ఆ తర్వాత కొండ వాలు మీద నాటతారు. అక్కణ్నుంచి ఆరేడు అడుగులు ఎదగడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు. మొత్తం కలిపితే పది, పన్నెండేళ్లు. మీరు కొనే చెట్టు మొలకెత్తినప్పుడు మీ సెవెంత్ క్లాస్ బాబు ఇంకా డైపర్‌లో ఉన్నాడన్నమాట!

పైగా ఆ త్రికోణం ఆకారం దానంతటదే రాదు. ప్రతి వేసవిలోనూ మనుషులు పొడవాటి కత్తులు పట్టుకుని ఒక్కో చెట్టు చుట్టూ తిరుగుతూ కొమ్మలు చెక్కుతారు. ఈ పనికి చాలామంది మెక్సికో నుంచి సీజన్ వీసాల మీద వస్తారు. మనకి హెచ్ వన్ బీ ఉన్నట్టే వ్యవసాయ కూలీలకి హెచ్ టూ ఏ అని ఒక వీసా ఉంది. వేసవిలో చెక్కడం, నవంబర్ చలిలో కొట్టి లారీలకి ఎత్తడం, ఆ కష్టంలో వాళ్ల చేతులే ఎక్కువ. మన హాల్లోకి వచ్చే చెట్టు వెనుక ఇంటిని వదిలి వచ్చిన ఇంకొకరి కథ కూడా ఉంది. ఆ సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

పదేళ్ల పంటతో ఇంకో తిప్పలు ఉంది. 2008లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు చెట్లు సరిగ్గా అమ్ముడుపోక రైతులు కొత్త మొక్కలు నాటడం తగ్గించారు. ఆ దెబ్బ ఎప్పుడు తెలిసింది? 2016, 2017లో. చెట్లు తక్కువై రేట్లు పెరిగాయి. అలాగే వేరుకుళ్లు తెగులు ఒకటి ఉంది. ఫ్రేజర్ ఫర్‌కి అది పట్టిందంటే చెట్టు చచ్చిపోవడమే కాదు, ఆ నేలలో మళ్లీ అదే రకం నాటడం కూడా కష్టం. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను ఆ కొండల మీద పడినప్పుడు కొన్ని తోటల్లో ఏళ్ల తరబడి పెంచిన చెట్లు మట్టితో సహా కొట్టుకుపోయాయి. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ వేసుకోవచ్చు. ఇక్కడ పోయింది పదేళ్లు.

కాబట్టి అమ్మమ్మగారికి నా జవాబు ఇది. కొట్టడం తప్పు కాదు అమ్మమ్మా. పంట కోతకొచ్చింది, రైతు కోశాడు. కానీ పదేళ్లు పెంచిన దాన్ని ఇంటికి తెచ్చి, గ్లాసెడు నీళ్లు కూడా పోయకుండా వారంలో ఎండబెడితే మాత్రం అది తప్పే.

ఇప్పుడు నాన్నగారి పాయింట్. గరాజ్‌లో ప్లాస్టిక్‌ది ఉంది కదా?

ఉంటే అదే వాడండి, నిజంగా చెప్తున్నాను. బ్రిటన్‌లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ వేసిన లెక్క ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు ఒకటి తయారవ్వాలంటే సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన కాలుష్యం. అదే సైజు నిజం చెట్టుని పండగ అయ్యాక ముక్కలు చేసి ఎరువుగా నేలలో వేస్తే మూడున్నర కిలోలు. చెత్తకుప్పలో పూడ్చిపెడితే 16 కిలోలు. ఎందుకంటే అక్కడ గాలి తగలక కుళ్లి మీథేన్ వస్తుంది. అంటే ప్లాస్టిక్ చెట్టుని కనీసం పదేళ్లు వాడితేనే లెక్క సరిపోతుంది. ఇంట్లో ఉన్నదాన్ని పదిహేనేళ్లు వాడితే అది మంచి పనే. మూడేళ్లకోసారి కొత్త ప్లాస్టిక్‌ది కొంటేనే దండగ. కొత్తగా కొనబోతున్నవాళ్లు మాత్రం నిజం చెట్టు గురించి ఆలోచించొచ్చు.

సరే, నిజం చెట్టే అని డిసైడ్ అయ్యారు. ఆగండి. కొనడానికి బయల్దేరే ముందు మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి, మీరు ఉండేది అపార్ట్‌మెంటా? అయితే ముందు లీజు తీసి చదవండి. చాలా అపార్ట్‌మెంట్లలో కొట్టి తెచ్చిన చెట్టు పెట్టుకోనివ్వరు. మంటలు ఆర్పే స్ప్రింక్లర్లు లేని బిల్డింగుల్లో చాలాచోట్ల ఫైర్ రూల్సే ఒప్పుకోవు. లీజింగ్ ఆఫీసుకి ఒక్క మెయిల్ పెడితే తేలిపోతుంది.

రెండు, డిసెంబర్‌లో ఇండియా టికెట్లు బుక్ చేశారా? చెల్లి పెళ్లి అనో, సంక్రాంతికి ఊరెళ్దాం అనో డిసెంబర్ 15కే ఎక్కేస్తున్నారా? అయితే ఈ ఏడాదికి ఫ్రెష్ చెట్టు వద్దు. తాళం వేసిన ఇంట్లో దానికి నీళ్లు పోసేవాళ్లు ఉండరు.

మూడు, ఇంట్లో పాకే పిల్లలు, కుక్క, పిల్లి ఉన్నాయా? ఉంటే వద్దని కాదు. స్టాండ్‌లో నీళ్లు ఉంటాయి, వాటి దగ్గరికి వెళ్లకుండా చూసుకోవాలి. చెట్టు పైభాగాన్ని గోడకి కొక్కెం పెట్టి సన్నటి తాడుతో కట్టేస్తే లాగినా మీద పడదు.

ఈ మూడూ ఓకే అయితే టేపు పట్టుకోండి. సీలింగ్ ఎత్తు కొలవండి. సీలింగ్ ఎనిమిది అడుగులుంటే చెట్టు ఆరున్నర, మహా అయితే ఏడడుగులు. కింద స్టాండ్‌కి అర అడుగు, పైన స్టార్‌కి అర అడుగు కావాలి కదా. తోటలో ఆకాశం కింద నిలబడి చూస్తే ప్రతి చెట్టూ చిన్నగానే కనిపిస్తుంది, ఇంటికొచ్చాకే దాని ఒళ్లు తెలుస్తుంది. వెడల్పు కూడా మర్చిపోకండి. ఏడడుగుల చెట్టు చుట్టూ నాలుగైదు అడుగుల చోటు తింటుంది. సోఫా ఎటు జరపాలో ముందే చూసుకోండి.

ఎక్కడ కొనాలి? మూడు దారులున్నాయి.

మొదటిది, పెద్ద స్టోర్ల ముందు, చర్చిల ముందు, పార్కింగ్ స్థలాల్లో పెట్టే అమ్మకాలు. దగ్గర, సులువు. కానీ అక్కడి చెట్లు కొన్ని నవంబర్ మొదట్లోనే కొట్టి లారీ ఎక్కించినవి అయ్యుండొచ్చు. అందుకే పరీక్ష చేసి కొనాలి.

రెండోది, తోటకే వెళ్లి మీ చేత్తో కొట్టుకోవడం. షార్లెట్ నుంచి బూన్, వెస్ట్ జెఫర్సన్ వైపు సుమారు రెండు గంటలు, రాలీ వైపు నుంచి మూడు గంటలు డ్రైవ్. తోటవాళ్లే రంపం ఇస్తారు. ఒకరు చెట్టు పట్టుకుంటే ఒకరు కింద పడుకుని కోయాలి. బట్టలకి జిగురు అంటుకుంటుంది, పాత బట్టలు వేసుకెళ్లండి. కోశాక మెషిన్ మీద పెట్టి దులుపుతారు, ఎండిన ఆకులూ పురుగులూ ఏవైనా ఉంటే రాలిపోతాయి. తర్వాత వల చుట్టి ఇస్తారు. రేటు చాలాచోట్ల అడుగుల లెక్కన ఉంటుంది, బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మూడోది, కొలరాడో, ఆరెగాన్ లాంటి పశ్చిమ రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి. అక్కడ చాలా నేషనల్ ఫారెస్టుల్లో పర్మిట్ కొనుక్కుని మీరే చెట్టు కొట్టుకోవచ్చు. ఏ చోట, ఎంత ఎత్తు, ఏ రకం అనేది పర్మిట్‌లోనే రాసి ఉంటుంది. పక్కపక్కనే గుంపుగా పెరిగి ఒకదాన్నొకటి ఎదగనివ్వని చెట్లని పలచన చేయడానికి ఇది పనికొస్తుంది. మీ పిల్లలు నాలుగో తరగతిలో ఉంటే వాళ్లకిచ్చే పార్కుల పాస్‌తో ఒక చెట్టు పర్మిట్ ఉచితంగా వస్తుంది. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలీదు.

ఇప్పుడు పరీక్ష. మార్కెట్‌లో బెండకాయ చివర విరిచి చూస్తాం కదా, ఇదీ అలాంటిదే.

ఒక కొమ్మని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లిగా మీ వైపు లాగండి. ఆకులు చేతిలోకి ఊడి రాకూడదు. ఫర్ రకాల ఆకు ఒకటి తుంచి వంచండి. తాజాదైతే పుటుక్కున విరుగుతుంది. తర్వాత చెట్టుని ఒక అంగుళం పైకెత్తి మొదలు నేలకి తగిలేలా దించండి. లోపలి వైపు నుంచి గోధుమరంగు ఆకులు కొన్ని రాలితే కంగారు పడకండి, అవి పాతవి. బయటి వైపు పచ్చటి ఆకులు జలజలా రాలితే మాత్రం దణ్ణం పెట్టి ముందుకెళ్లిపోండి. ఎత్తి చూస్తే బరువుగా ఉండాలి. ఆ బరువు నీళ్లది. వాసన కూడా చూడండి, ఆకు నలిపితే ఘాటుగా రావాలి.

కారు మీద కట్టేటప్పుడు మొదలు ముందు వైపుకి, చివర వెనక్కి ఉండాలి. గాలి కొమ్మలకి ఎదురు కొట్టకూడదు. కింద పాత దుప్పటి ఒకటి పరిస్తే కారుకి గీతలు పడవు.

ఇంటికొచ్చేశాం. అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది.

కొట్టిన చెట్టు మొదట్లో జిగురు కారి, కొన్ని గంటల్లోనే ఆ కోత మూసుకుపోతుంది. మూసుకుపోయాక మీరు బకెట్ నీళ్లు పోసినా తాగలేదు. అందుకని స్టాండ్‌లో పెట్టే ముందు మొదలు నుంచి అర అంగుళం, ఒక అంగుళం మందాన కొత్తగా కోసేయాలి. కోత సూటిగా ఉండాలి, ఏటవాలుగా వద్దు. కొనే చోటే కోసిమ్మంటే చాలామంది కోసిస్తారు. కానీ ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు నీళ్లలో పెట్టేయాలి. దారిలో రెస్టారెంట్‌కి వెళ్లి, బిర్యానీ తిని, ఫ్రెండ్ ఇంటికి వెళ్లి, రాత్రి పదింటికి దించితే కుదరదు. ఆ రోజే అలంకరించడం కుదరకపోతే గరాజ్‌లో చల్లగా ఉన్న చోట బకెట్ నీళ్లలో నిలబెట్టండి.

స్టాండ్ చిన్నదైంది, చెట్టు మొదలు పట్టట్లేదు అని కొందరు చుట్టూ చెక్కేస్తారు. వద్దు. నీళ్లని పైకి బాగా లాగేది బెరడు కింద ఉండే బయటి పొరలే. వాటిని చెక్కేస్తే గొంతు కోసినట్టే. చెట్టుని చెక్కకండి, స్టాండ్ మార్చండి. అలాగే నీళ్లు బాగా ఎక్కుతాయని మధ్యలో కన్నం పెట్టడం వల్ల కూడా లాభం ఏమీ లేదు.

ఎన్ని నీళ్లు? లెక్క చాలా సింపుల్. మొదలు అడ్డంగా ఎన్ని అంగుళాలుంటే అన్ని క్వార్ట్‌ల నీళ్లు పట్టే స్టాండ్ కావాలి. క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ. నాలుగు అంగుళాల మొదలు ఉంటే దాదాపు నాలుగు లీటర్లు, అంటే మన మిల్క్ క్యాన్ గ్యాలన్ అంత. మొదటి రోజు చెట్టు గ్యాలన్ దాకా తాగేస్తుంది. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఉండవు. చాలా ఇళ్లల్లో దెబ్బ తినేది ఇక్కడే. "నిన్నే పోశాం కదా" అనుకుంటారు. నీటి మట్టం ఒక్కసారి కోత కిందకి దిగిందా, జిగురు మళ్లీ మూసేస్తుంది. అప్పుడు మళ్లీ కొయ్యాలి, అంటే అలంకరణ అంతా విప్పాలి. అయ్యే పనేనా?

అందుకని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మొదటి వారం రోజుకి రెండుసార్లు, తర్వాత రోజుకి ఒకసారి. ఈ పని పిల్లలకి అప్పజెప్పండి. చెట్టు కావాలన్నది వాళ్లే కదా! సన్న మూతి ఉన్న క్యాన్ ఒకటి ఇస్తే గిఫ్టులు తడవకుండా పోస్తారు. నీళ్లలో పంచదార వేయాలి, ఆస్పిరిన్ వేయాలి, స్ప్రైట్ పోయాలి అని ఇంటర్నెట్‌లో చాలా చెప్తారు. ఏమీ అక్కర్లేదు. మామూలు పంపు నీళ్లు చాలు. వేడివా, చల్లవా అన్నది కూడా పట్టించుకోనక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలి అంటే, ముందు మీ హీటర్ గాలి ఎక్కణ్నుంచి వస్తుందో చూడండి. ఇక్కడ చాలా ఇళ్లల్లో నేల మీదే వెంట్లు ఉంటాయి. ఆ వెంట్ మీదో, ఫైర్‌ప్లేస్ పక్కనో పెడితే హెయిర్ డ్రయర్ కింద పెట్టినట్టే. కనీసం మూడు అడుగుల దూరం ఉండాలి. బయటికెళ్లే గుమ్మానికి అడ్డం కూడా రాకూడదు.

ఇప్పుడు కాస్త సీరియస్‌గా వినండి. అమెరికాలో క్రిస్మస్ చెట్టు అంటుకుని ఇళ్లల్లో జరిగే అగ్నిప్రమాదాలు ఏటా సగటున 150 దాకా ఉంటున్నాయని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్కలు చెప్తున్నాయి. కోట్ల చెట్లలో ఇది చిన్న సంఖ్యే. కానీ జరిగిన చోట మాత్రం భయంకరంగా ఉంటుంది. ప్రభుత్వ ప్రయోగశాలలో ఎండిన చెట్టుని ఒక గదిలో పెట్టి అంటించి చూశారు. కొన్ని సెకన్లలో చెట్టంతా మంట. నిమిషం తిరక్కముందే గదంతా మంట. సోఫాలో ఉన్నవాళ్లు లేచి పిల్లల్ని ఎత్తుకునే టైమ్ కూడా ఉండదు. అదే బాగా నీళ్లు తాగిన చెట్టుకి నిప్పు పెడితే కొమ్మ కాసేపు అంటుకుని, దానంతటదే ఆరిపోయింది. రెండూ చెట్లే. తేడా అంతా కింద గిన్నెలో ఉన్న నీళ్లే. మొదట్లో నీళ్లు నీళ్లు అని మొత్తుకున్నది ఇందుకే.

కాబట్టి ఎల్‌ఈడీ లైట్లే వాడండి, అవి అంత వేడెక్కవు. వైరు ఎక్కడైనా తెగి ఉంటే ఆ దండ పారేయండి. పడుకునే ముందు, బయటికెళ్లే ముందు ఆపేయండి. మన ఇళ్లకి ప్రత్యేకంగా ఇంకో మాట. క్యాండిల్స్, దీపం, అగరబత్తీ, సాంబ్రాణి ఏదైనా సరే, చెట్టు ఉన్న గదిలో వద్దు. పక్క గదిలో పెట్టుకోండి.

రోజూ ఒక కొమ్మ మీద చెయ్యి వేసి చూడండి. మెత్తగా, వంగుతూ ఉంటే బాగున్నట్టు. గట్టిగా, పెళుసుగా అయి ముట్టుకుంటే ఆకులు రాలుతున్నాయంటే టైమ్ అయిపోయింది. క్యాలెండర్ చూడకండి. డిసెంబర్ 23 అయినా సరే, తీసి బయట పెట్టేయండి. బాగా చూసుకున్న ఫ్రేజర్ ఫర్ నాలుగైదు వారాలు ఉంటుంది. థాంక్స్‌గివింగ్ తర్వాత తెస్తే న్యూ ఇయర్ వరకు వస్తుంది.

న్యూ ఇయర్ అయ్యాక మన వాళ్లకి ఒక ఐడియా వస్తుంది. "ఇంకో పది రోజుల్లో భోగి కదా, బ్యాక్‌యార్డ్‌లో భోగి మంటలో వేసేద్దాం!" దయచేసి వద్దు. అప్పటికి అది పూర్తిగా ఎండిపోయి ఉంటుంది, లోపల జిగురు ఉంటుంది. ఒక్కసారిగా భగ్గుమని లేస్తుంది, చుట్టూ పట్టు లంగాల్లో పిల్లలుంటారు. ఇంట్లో ఫైర్‌ప్లేస్‌లో వేయడం ఇంకా ప్రమాదం, పొగగొట్టంలో మసి అంటుకోవచ్చు. భోగికి నాలుగు మామూలు కట్టెలు కొనుక్కోండి.

మరి ఏం చేయాలి? లైట్లు, రిబ్బన్లు, తళుకులు అన్నీ తీసేయండి. ఒక్క హుక్కు కూడా ఉండకూడదు. చాలా ఊళ్లల్లో జనవరి మొదటి రెండు వారాల్లో ఇంటి ముందు పెడితే తీసుకెళ్తారు, లేదా ఫలానా పార్కుకి తెచ్చి పడేయమంటారు. మీ సిటీ వెబ్‌సైట్‌లో తేదీలు ఉంటాయి. న్యూయార్క్‌లో మల్చ్‌ఫెస్ట్ అని చేస్తారు. మీ చెట్టుని మీ ముందే పొట్టు చేస్తారు, కావాలంటే సంచిలో ఇంటికి తెచ్చుకోవచ్చు. లూసియానాలో జెఫర్సన్ పారిష్ వాళ్లయితే ఈ చెట్లని తీరంలో కంచెల్లా పేర్చి, చిత్తడి నేల కోసుకుపోకుండా అడ్డు పెడతారు. కొన్ని చోట్ల చెరువుల్లో ముంచుతారు, చేపలకి దాక్కునే చోటు అవుతుంది. చూశారా, నెలకి అయిపోయింది అనుకున్న చెట్టు ఇంకా పని చేస్తూనే ఉంది. అమ్మమ్మగారిని ఆ పార్కుకి తీసుకెళ్లి చూపించండి, ఆవిడ కోపం సగం తగ్గుతుంది.

చివరగా హైదరాబాద్, వైజాగ్, గుంటూరు నుంచి చూస్తున్న ఫ్రెండ్స్‌కి. మన వాతావరణంలో ఫర్ చెట్లు పెరగవు. మన నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని కుండీలో అమ్మేది అరకేరియా. కడియం నర్సరీల్లో అడిగినా దొరుకుతుంది. దీని సొంతూరు పసిఫిక్ సముద్రంలో ఉన్న నార్ఫోక్ దీవి. ఇది కొట్టిన చెట్టు కాదు, వేరున్న మొక్క. అందుకే దీని లెక్క తిరగేసి ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. పై మట్టి ఆరాకే పోయాలి. వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టి, పండగ అవ్వగానే బయట నీడపట్టుకి మార్చండి. కొమ్మలు మెత్తన కాబట్టి బరువైన గంటలూ బొమ్మలూ వేలాడదీయకండి, సన్న లైట్ల దండ చాలు. ప్రతి ఏడూ అదే మొక్క, మీ పిల్లలతో పాటు ఎదుగుతుంది. ప్లాస్టిక్ కొనే డబ్బుతో ఇది కొంటే ఏం పోయింది చెప్పండి?

సో, ఇదీ సంగతి. ఈ వీకెండ్ చెట్టుకి వెళ్తుంటే టేపు, తాడు, దుప్పటి కారులో వేసుకోండి. ఇంటికి రాగానే ఎవరు నీళ్లు పోస్తారో ముందే తేల్చుకోండి. చెట్టు తేవాలనుకుంటున్న ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే, వాళ్లు కొనక ముందే ఈ ఎపిసోడ్ పంపించండి. అందరికీ అడ్వాన్స్‌గా హ్యాపీ క్రిస్మస్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై!